ట్రాక్టర్ వెనుక బ్లేడ్: పిన్ను వంగకుండా, టైరు చీలకుండా చెలక చదును చేసుకోవడం

యాసంగి వడ్లు కోసి గడ్డి ఇంటికి చేరినప్పటి నుంచి మృగశిర చినుకులు పడేదాకా ఉండే రోజులే మన దిక్కు బ్లేడ్ పనికి సీజను. చెలక చదును చేయడం, చెరువు మట్టి పరచడం, బండి బాట సాపు చేయడం, అన్నీ ఆ నెల రోజుల్లోనే. వెల్డింగ్ షాపుల ముందు వంగిన లోయర్ లింకులు (బ్లేడ్‌ను పట్టి గుంజే రెండు కింది చేతులు), తెగిన చెక్ చైన్లు (ఆ లింకులు పక్కకు ఊగకుండా ఆపే గొలుసులు), పగిలిన పివట్ బోల్టులు (పలక కోణం తిరిగే చోట ఉండే బోల్టులు) వరుస కట్టేది కూడా అప్పుడే. విరిగినప్పుడల్లా ఇనుము నాసిరకమని అనుకుంటారు గానీ చాలాసార్లు తప్పు ఇనుముది కాదు. వెనుక బ్లేడ్‌ను వదులు మట్టిని ముందుకు గుంజుకుపోయే పనికి తయారు చేస్తారు. దానితో గట్టి నేల తవ్వినా, వెనక్కి నెట్టినా, నేల మీద ఉండగానే మలుపు తిప్పినా ఆ బలమంతా పిన్నుల మీద, లింకుల మీద పక్క నుంచి పడుతుంది. పక్క బలానికి ఆ భాగాలు తట్టుకోవు.

ముందు తగిలించడం దగ్గరే చాలా నష్టం మొదలవుతుంది. మన దగ్గర తిరిగే 35 నుంచి 50 హెచ్‌పీ ట్రాక్టర్లలో కొన్నింటికి ఒకటో కేటగిరీ లింకులు, కొన్నింటికి రెండో కేటగిరీ లింకులు వస్తాయి. ఒకటో కేటగిరీలో కింది పిన్ను మందం 22 మిల్లీమీటర్లు, టాప్ లింకు (మధ్యలో పైన తగిలించే లింకు) పిన్ను 19. రెండో కేటగిరీలో కింది పిన్ను 28, పైది 25. బ్లేడ్‌కు 22 పిన్ను, ట్రాక్టర్ లింకు కొసన పిన్ను దూరే బాలుకు 28 రంధ్రం ఉంటే మధ్యలో బుష్ వేయాల్సిందే. బుష్ లేకుండా తోలితే 6 మిల్లీమీటర్ల సందులో పిన్ను ప్రతి కుదుపుకూ సుత్తి దెబ్బ కొట్టినట్టు కొడుతుంది. నెలలోపే రంధ్రం కోలగా మారుతుంది, పిన్ను మెడ దగ్గర పగులుతుంది. పిన్ను పోయిందని ఇనుప చువ్వ ముక్క దూర్చడం, లించ్ పిన్ను (పిన్ను ఊడకుండా కొసన వేసే చిన్న పిన్ను) లేదని బైండింగ్ వైరు చుట్టడం పూర్తిగా మానేయండి. వైరు తెగి ఒక పక్క లింకు ఊడితే బ్లేడ్ ఒక్కసారిగా తిరిగి టైరులోకి దూరుతుంది.

చెక్ చైన్లు, లేదా స్టెబిలైజర్ బార్లు, రెండు పక్కలా సమంగా బిగించాలి. కల్టివేటర్‌కు కొంచెం ఆట ఉన్నా ఫర్వాలేదు గానీ బ్లేడ్‌కు ఆట పనికిరాదు. ఏటవాలుగా పెట్టిన బ్లేడ్ మట్టిని పక్కకు తోస్తుంటే మట్టి బ్లేడ్‌ను ఎదురు పక్కకు తోస్తుంది. చైను వదులుగా ఉంటే బ్లేడ్ ఆ పక్కకు జరిగి టైరు చెంపను కోస్తుంది. కొత్త టైరు ధర తెలిసినవాళ్లెవరూ ఈ రెండు నిమిషాల పని వదిలేయరు. బిగించాక ఇంజను నెమ్మదిగా ఉండగా బ్లేడ్‌ను మీకు కావాల్సిన కోణంలో పెట్టి, లిఫ్ట్ మెల్లగా పైదాకా ఎత్తి, బ్లేడ్ కొసకూ టైరుకూ ఎంత సందు ఉందో ఒకరు పక్కన నిలబడి చూడాలి. బెత్తెడు సందైనా లేకపోతే కోణం తగ్గించాలి, లేదా లివరు అంత పైకి ఎత్తకుండా స్టాపర్ పెట్టుకోవాలి. పీటీఓ షాఫ్ట్ (ఇంజను బలాన్ని వెనుక పరికరానికి అందించే తిరిగే షాఫ్ట్) తగిలించి ఉంటే తీసేయండి, పీటీఓ లివరు న్యూట్రల్‌లో పెట్టండి.

ఇక టాప్ లింకు. బ్లేడ్ ఎంత కొరుకుతుందో చెప్పేది ఇదే. చాలామంది మాత్రం తగిలించిన రోజు తిప్పి, మళ్లీ ముట్టుకోరు. బ్లేడ్‌ను పక్క నుంచి చూడండి. టాప్ లింకు పొడవు చేస్తే పలక తల వెనక్కి వాలి, కింది అంచు ముందుకు వస్తుంది. అప్పుడు అంచు నేలలోకి దిగి కొరుకుతుంది. పొట్టి చేస్తే తల ముందుకు వంగి అంచు నేల మీద జారుతుంది, వదులు మట్టిని పరుస్తుంది. బ్లేడ్‌ను వెనక్కి తిప్పి పెట్టుకుంటే ఈ లెక్క తిరగబడుతుంది. మొదలుపెట్టేటప్పుడు పలక దాదాపు నిటారుగా ఉండాలి. మట్టి ఎత్తకపోతే టాప్ లింకును ఒకటి రెండు చుట్లు పొడవు చేసి, ఇరవై అడుగులు తోలి చూసి, మళ్లీ తిప్పాలి. ఒకేసారి పది చుట్లు తిప్పితే బ్లేడ్ పార లాగా దిగబడుతుంది, ఇంజను ముక్కుతుంది, ముందు చక్రాలు తేలుతాయి. టాప్ లింకు గొట్టంలో రెండు వైపులా మర కనీసం రెండు అంగుళాలు లోపల ఉండాలి. అంతకన్నా బయటికి వస్తే మర తెగుతుంది.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. మామూలు ట్రాక్టర్ లిఫ్ట్ పైకి ఎత్తుతుంది గానీ కిందికి అదమదు. బ్లేడ్ దిగేది దాని బరువుతోనే. అందుకే గట్టి నేల మీద బ్లేడ్ జారిపోతుంటే లివరును ఎంత కిందికి తోసినా లాభం ఉండదు. అలాంటప్పుడు పిల్లలనో కూలీనో బ్లేడ్ మీద నిలబెట్టడం మన ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. అది ప్రాణాలతో చెలగాటం. చిన్న రాయి తగిలి బ్లేడ్ ఎగిరితే మనిషి నేరుగా చక్రానికీ పలకకూ మధ్య పడతాడు. బరువు కావాలంటే ఇసుక నింపిన రెండు బస్తాలను ఫ్రేమ్ మధ్యలో తాడుతో గట్టిగా కట్టండి. అంతకన్నా మంచి దారి ముందు నేలను విప్పడం. గట్టి చెలకను కల్టివేటర్‌తో నాలుగైదు అంగుళాల లోతు రెండుసార్లు అడ్డంగా, నిలువుగా దున్ని, తర్వాత బ్లేడ్ వేస్తే పని సగం అవుతుంది, డీజిల్ మిగులుతుంది, బోల్టులు బతుకుతాయి.

తేమ చూడకుండా మొదలుపెట్టొద్దు. గుప్పెడు మట్టి తీసి ముద్ద కట్టండి. ముద్ద నిలిచి, బొటనవేలితో నొక్కగానే పొడిపొడిగా విడిపోతే బ్లేడ్‌కు అదే అదను. జనగామ, హన్మకొండ వైపు ఎర్ర చెలకలు వాన పడిన రెండు మూడు రోజులకు ఈ స్థితికి వస్తాయి. ఆదిలాబాద్ వైపు నల్లరేగడి అట్లా కాదు. తడిగా ఉంటే పలకకు జిగురులా అంటుకుని బండెడు బరువు అవుతుంది, ఎండితే ఇటుకలా అవుతుంది. రేగడిలో అదను రోజులు చాలా తక్కువ, అందుకే పగుళ్లు బాగా విచ్చుకోకముందే పని ముగించుకోవాలి.

తోలడం గురించి. లో సెకండ్ లేదా లో థర్డ్ గేరు, గంటకు 3 నుంచి 5 కిలోమీటర్ల వేగం చాలు. వేగం రెట్టింపైతే గుద్దినప్పుడు పడే దెబ్బ నాలుగు రెట్లు అవుతుంది. 3 కిలోమీటర్ల వేగంలో గుండు తగిలితే ఇంజను ఆగిపోవచ్చు. 6లో తగిలితే పివట్ బోల్టు తెగొచ్చు. ఓరుగల్లు పేరులోనే రాయి ఉంది. ఇక్కడి ఎర్ర నేలల కింద ఎక్కడ బండ ఉందో పైకి కనపడదు. కొత్త చెలకలో మొదటి సాలు వేసే ముందు గడ్డపారతోనో కల్టివేటర్‌తోనో వెతికి, బండ తగిలిన చోట కొమ్మ పాతి గుర్తు పెట్టుకోండి. తుమ్మ మొద్దులు, తాటి మొద్దులు, పాత బోరు కేసింగ్, డ్రిప్ సబ్‌మెయిన్ పైపులు, మోటారు కేబుల్ కూడా అట్లాగే గుర్తు పెట్టాలి. కరెంటు స్తంభం స్టే వైరుకు బ్లేడ్ కొస తగిలితే స్తంభమే వాలుతుంది, కాబట్టి దాని చుట్టూ పది అడుగులు పారతోనే చేసుకోండి. హద్దు రాళ్ల దగ్గరా అంతే. రాయి ఒక్క అడుగు జరిగిందంటే పక్క పట్టాదారుతో సర్వే దాకా పోయే గొడవ.

ఒక్కో దఫా ఒకటి లేదా రెండు అంగుళాల మందమే గీకాలి. చక్రాలు జారడం మొదలైతే ఎక్సలేటర్ తొక్కొద్దు. లివరును ఒక అంగుళం పైకి తెచ్చి భారం తగ్గించండి. సగం క్లచ్ మీద నడిపితే క్లచ్ ప్లేటు కాలుతుంది. డిఫరెన్షియల్ లాక్ (వెనుక చక్రాలు రెండూ కలిసి ఒకే వేగంతో తిరిగేలా చేసేది) నేరుగా పోయేటప్పుడే వాడాలి, మలుపుకు ముందే వదలాలి. ఇంజను 1400–1600 ఆర్‌పీఎం మధ్య నిలకడగా ఉంటే లిఫ్ట్ కూడా మృదువుగా పలుకుతుంది. లిఫ్ట్ ఎత్తినప్పుడు కీచుమని మోత వస్తూ బ్లేడ్ లేవకపోతే నూనె ఒత్తిడి మించితే వదిలేసే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుందని అర్థం. లివరును అట్లాగే పట్టుకుంటే నూనె కాగిపోతుంది. వెంటనే దించి, మట్టి తగ్గించి ఎత్తండి.

మలుపులో బ్లేడ్ ఎప్పుడూ గాలిలో ఉండాలి. పొలం కొసకు వచ్చినప్పుడు ముందు లిఫ్ట్ ఎత్తి, తర్వాతే స్టీరింగ్ తిప్పాలి. బ్లేడ్ నేలలో ఉండగా తిరిగితే లోయర్ లింకు మీద పడే పక్క బలానికి చెక్ చైను బ్రాకెట్ ట్రాన్స్‌మిషన్ హౌసింగ్ దగ్గర నుంచే విరుగుతుంది. అది చైను మార్చినంత చవగ్గా తేలదు. ఒక పక్క బ్రేకు తొక్కి గిరుక్కున తిప్పే అలవాటుంటే అది రెండింతలు ప్రమాదం.

వెనక్కి నెట్టడం కూడా ఇలాంటిదే. లోయర్ లింకులు గుంజడానికి బలంగా ఉంటాయి, నెట్టేటప్పుడు విల్లులా వంగుతాయి. తప్పనిసరి అయితే వదులు మట్టిని మాత్రమే, బ్లేడ్‌ను ఏ కోణమూ లేకుండా నేరుగా పెట్టి, లో ఫస్ట్‌లో, పలక సగం ఎత్తుకు మించని కుప్పను మాత్రమే నెట్టండి. గట్టును వెనక్కి గుద్ది పడగొట్టడం, మొద్దును పెకిలించడం బ్లేడ్ పని కాదు. అది జేసీబీ పని.

బ్లేడ్ కోణం ఎంత పెట్టాలనేది దాని పొడవును బట్టి ఉంటుంది. 6 అడుగుల బ్లేడ్ నేరుగా ఉంటే 6 అడుగులు గీకుతుంది. 30 డిగ్రీలు తిప్పితే 5 అడుగుల 2 అంగుళాలే, 45 డిగ్రీలైతే 4 అడుగుల 3 అంగుళాలే. 45 హెచ్‌పీ ట్రాక్టర్ వెనుక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచుకు దాదాపు 6 అడుగులు ఉంటుంది. అంటే 6 అడుగుల బ్లేడ్‌ను 30 డిగ్రీలు తిప్పగానే టైరు గుర్తులు బయట మిగిలిపోతాయి. ఏటవాలు పని ఎక్కువ ఉన్నవాళ్లు 7 అడుగుల బ్లేడ్ తీసుకోవడం మేలు. 30 డిగ్రీల దగ్గర కూడా అది 6 అడుగులు కమ్ముతుంది. అయితే పొడవు పెరిగిన కొద్దీ కొసన రాయి తగిలితే పివట్ మీద పడే మెలి కూడా పెరుగుతుంది. అందుకని కోణంలో ఉన్నప్పుడు కోత మందం సగానికి తగ్గించాలి. కోణం, వాలు (ఒక కొసను కిందికి వంచడం) రెండూ ఒకేసారి గరిష్ఠంగా పెట్టకండి. వాలు కోసం కుడి లిఫ్ట్ రాడ్ హ్యాండిల్ తిప్పితే సరిపోతుంది.

లివర్ల సంగతి. బ్లేడ్‌కు పొజిషన్ కంట్రోలే (లివరు పెట్టిన ఎత్తులోనే పరికరాన్ని నిలిపేది) వాడాలి. డ్రాఫ్ట్ కంట్రోల్ పని చేస్తుంటే లాగుడు భారం మారినప్పుడల్లా బ్లేడ్ తనంతట తాను లేచి దిగుతుంది, నేల అలలు అలలుగా వస్తుంది. పొజిషన్‌లో పెట్టినా అలలు రావడానికి ఇంకో కారణం ఉంది. ముందు చక్రాలు మిట్ట ఎక్కగానే ట్రాక్టర్ వెనుక ఇరుసు మీద ఊగి బ్లేడ్ కిందికి దిగి ఎక్కువ కొరుకుతుంది. గుంతలో దిగగానే బ్లేడ్ లేచి మట్టి వదిలేస్తుంది. అంటే మిట్టపల్లాలను తలకిందులు చేసి మళ్లీ అచ్చు వేస్తుంది. దీనికి మందు రెండు రకాలు. రెండో దఫాను మొదటి దానికి ఏటవాలుగా, మూల నుంచి మూలకు తోలాలి. ఆఖరి దఫాలో టాప్ లింకు పొట్టి చేసి, లివరు పూర్తిగా కిందికి వదిలి, బ్లేడ్‌ను తన బరువు మీదే తేలనివ్వాలి.

ఎక్కడ మిట్ట, ఎక్కడ పల్లం అన్నది కంటితో చూసి నమ్మితే మోసపోతారు. మడి అయితే యాసంగి ఆఖరి తడిలో నీళ్లు నిలిచినప్పుడే నీళ్ల పైకి తేలిన మిట్టల మీద పుల్లలు పాతండి, లోతైన చోట వేరే రంగు గుడ్డ కట్టిన పుల్లలు పాతండి. ఆరిన తర్వాత బ్లేడ్‌కు అదే నక్షా. చెలక అయితే మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు లెవల్ పది పదిహేను మీటర్లది తెచ్చి, 33 అడుగులకు ఒక కర్ర పాతి చూసుకోండి. 33 అడుగులు ఎందుకంటే 33 ఇంటూ 33 అంటే సరిగ్గా ఒక గుంట.

ఈ గుంట లెక్క చెరువు మట్టికి బాగా పనికొస్తుంది. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి పూడిక మట్టి పొలాలకు తోలుకోవడం పెరిగింది గానీ కుప్పలు ఇష్టమొచ్చిన చోట పోసి తర్వాత బ్లేడ్‌తో అవస్థ పడటం కూడా పెరిగింది. గుంట అంటే 1089 చదరపు అడుగులు. దాని మీద ఒక అంగుళం మందం పరచడానికి 91 ఘనపుటడుగుల మట్టి కావాలి. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ట్రాలీలో అడుగున్నర ఎత్తు నింపితే 90 ఘనపుటడుగులు. అంటే గుంటకు ఒక ట్రాలీ, అంగుళం మందం. ఎకరానికి 40 ట్రాలీలు. 33 అడుగులకు ఒక గీత గీసి, ప్రతి గడి మధ్యలో ఒక ట్రాలీ పోయిస్తే బ్లేడ్‌తో మట్టిని పదిహేను ఇరవై అడుగులకు మించి గుంజాల్సిన పని ఉండదు.

కుప్పను పరిచే తీరు కూడా చెప్పుకోవాలి. ట్రాక్టర్‌ను కుప్ప ముందు నిలిపి, బ్లేడ్ పైకెత్తి మెల్లగా వెనక్కి వచ్చి, పలక కుప్పలో మూడో వంతు దాటగానే ఆపండి. బ్లేడ్ దించి ముందుకు గుంజండి. మళ్లీ వెనక్కి వచ్చి ఇంకో మూడో వంతు తీసుకోండి. కుప్ప మొత్తాన్ని ఒక్క దెబ్బలో పట్టాలని చూస్తే చక్రాలు జారి రెండు గుంతలు పడతాయి, ఆ గుంతలు పూడ్చడానికి ఇంకో గంట. పూడికలో తుమ్మ వేర్లు, రాళ్లు, గాజు పెంకులు ఉంటాయి కాబట్టి మొదటి గుంజుడు తర్వాత ఏరించండి.

చదును చేసేటప్పుడు మిట్ట మీది పైమట్టిని అట్లాగే పల్లంలోకి తోసేస్తే మిట్ట మీద మొరమో సుద్దో బయటపడుతుంది. ఆ చోట వరి రెండేళ్లు కోలుకోదు, ముఖ్యంగా జింకు లోపం వచ్చి ఆకులు తుప్పు రంగుకు తిరుగుతాయి. లోతు కోత పడే చోట పైనున్న నాలుగైదు అంగుళాల మట్టిని ముందు పక్కకు తీసి కుప్ప వేయాలి. అడుగు మట్టిని పల్లంలోకి తోసి, పైమట్టిని తిరిగి పరవాలి. కష్టమే గానీ ఈ ఒక్క పని చేసినవాడి మడి వేరుగా కనిపిస్తుంది. అయినా పలుచబడ్డ చోట ఎకరాకు 20 కిలోల లెక్కన జింకు సల్ఫేట్ ఆఖరి దమ్ములో వేయండి, డీఏపీతో కలపకుండా రెండు మూడు రోజుల తేడాతో. దమ్ములో తడి మడిని సాపు చేయడానికి మాత్రం బ్లేడ్ వాడకండి. అక్కడ చెక్క పలకే సరైనది.

బండి బాట అయితే మధ్యలో ఎత్తు, పక్కలకు వాలు ఉండాలి. అడుగుకు అర అంగుళం వాలు చాలు. పది అడుగుల బాటకు మధ్య నుంచి అంచు దాకా రెండున్నర అంగుళాల తేడా అన్నమాట. బ్లేడ్ 30 డిగ్రీల కోణంలో పెట్టి అంచుల నుంచి మధ్యకు మట్టి తేవాలి. గుంతలను పైపైన మట్టితో నింపితే మొదటి వానకే మళ్లీ తేలతాయి. గుంత అడుగు దాకా బాటను కోసి, విప్పిన మొరాన్ని తిరిగి పరిచి, తడి మీద ట్రాక్టర్‌తో తొక్కించాలి. బాట పక్క కాలువ తీసేటప్పుడు మిషన్ భగీరథ తాగునీటి పైపు ఏ పక్క నుంచి పోతుందో పంచాయతీలో అడిగి మొదలుపెట్టండి. ఒర లేని వ్యవసాయ బావులకు ముప్పై అడుగుల లోపల ట్రాక్టర్ తేవొద్దు.

కట్టింగ్ పట్టీ (పలక కింది అంచుకు బోల్టులతో బిగించే ఉక్కు పట్టీ) అరిగి పలకకు అర అంగుళం దూరంలోకి రాగానే విప్పి తిరగేసి బిగించాలి. ఇంకో అంచు కొత్తగా వస్తుంది. పలక దాకా అరిగేదాకా చూస్తే పలకే పోతుంది, బోల్టు తలలూ పోతాయి. కొత్త పట్టీ వేశాక రెండు గంటల పని అయ్యాక బోల్టులు మళ్లీ బిగించాలి. పట్టీని పలకకు నేరుగా వెల్డింగ్ పెట్టించొద్దు. అది గట్టి ఉక్కు. మామూలు రాడ్డుతో చల్లగా ఉన్నప్పుడు అతికితే అతుకు పక్కనే పగులుతుంది. ఇంకేదైనా వెల్డింగ్ అవసరమైతే బ్లేడ్‌ను ట్రాక్టర్ నుంచి విప్పాకే చేయించండి. పివట్‌కు రోజూ పని మొదలుపెట్టే ముందు గ్రీజు కొట్టాలి. పివట్ చుట్టూ, ‘A’ ఆకారపు ఫ్రేమ్ మూలల్లో రంగు లేచిపోయి సన్న గీత కనిపిస్తే అది పగులే.

రోడ్డు మీద పోయేటప్పుడు బ్లేడ్ నేరుగా తిప్పి, పైకెత్తి, రెండు బ్రేకు పెడళ్లు కలిపి కొక్కెం వేసుకోండి. ఆపిన చోట ఎప్పుడూ కిందికి దించాలి. పట్టీ మార్చేటప్పుడు లిఫ్ట్‌ను నమ్మి కింద చేయి పెట్టకుండా ముందు రెండు చెక్క దుంగలు పెట్టండి. సీజను అయిపోగానే పలక గీరి కడిగి, పట్టీకి వాడిన ఇంజన్ ఆయిల్ పూసి, నేల తగలకుండా దుంగల మీద పెట్టి, పిన్నులు, లించ్ పిన్నులు అన్నీ ఒక డబ్బాలో వేసి ఫ్రేమ్‌కే కట్టేయండి.